నీలం ఎక్కని కణాలు

"మీ అక్కని ఇవాళ పదకొండింటికి చంపబోతున్నారు," అన్నాడు పెద్దాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

తాబేలు మెడ భుజాల్లోకి దిగిపోయింది. అతనికి ఆ కోడ్ నేమ్ రావడానికి కారణం ఈ మెడే. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు టేబుల్ మీద ఫోన్ మోగితే ఇలాగే దిగిపోయింది. డిపార్ట్‌మెంట్లో పేర్లు పెట్టేది పెద్దాయన, ఆయనకేమో జంతువుల పిచ్చి. అంతే, పేరు ఖాయమైపోయింది.

గూఢచారి అంటే తుపాకి ఎదురుగా ఉన్నా చిరునవ్వు చెదరనివాడని అనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, ఇతను ఆ రకం కాదు. ఇతనికి లిఫ్టంటే భయం. కుక్కలంటే భయం. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పిస్టలంటే మరీ భయం, అందుకే దాన్ని ఆఫీసు బీరువాలోనే ఉంచేశాడు. అంతకుముందు పదకొండేళ్లు లాబొరేటరీ టెక్నీషియన్‌గా చేశాడు. ఆ పని తెలిసినవాడు డిపార్ట్‌మెంట్లో ఇంకొకడు లేడు కాబట్టి ఈ ఉదయం ఎనిమిదింటికి, ఈ కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో, అక్షరాల చార్టు కింద కూర్చోవలసి వచ్చింది.

"ఎవరు సార్?" అన్నాడు తాబేలు.

"ఇంకెవరు, ముఠా. నెలకోసారి కోడ్ మారుస్తారు. మీ అక్క రెండు రోజుల్లో విప్పేస్తుంది. ఇరవై రెండేళ్లుగా వాళ్ల ఒక్క ఆట సాగనివ్వలేదు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, జబ్బు మనిషి. పోయిందంటే జబ్బుతోనే పోయిందంటారు. ఎవరికీ అనుమానం రాదు."

అక్క నాలుగు నెలలుగా అద్దాల గదిలో ఉంది. రక్తంలో క్యాన్సర్. ఆ మాట డాక్టర్ చెప్పినప్పుడు తాబేలు గోడ పట్టుకుని నిలబడ్డాడు. అక్క మాత్రం, "సరే, ఎన్ని రోజులు సెలవు పెట్టమంటారు?" అని అడిగింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. దేనికైనా భయపడగా అతను చూడలేదు. ఇంట్లో భయాన్ని పంచితే, అంతా అతని వాటాకే వచ్చినట్టుంది.

"ఇవాళ ఆమెకి ఎక్కించేది నీ రక్తం కదూ?" అన్నాడు పెద్దాయన.

"రక్తం కాదు సార్, అందులోంచి తీసిన ఎన్‌కె కణాలు. నేచురల్ కిల్లర్. పదిహేను రోజుల కింద తీసుకుని ల్యాబులో పెంచారు."

"కిల్లర్. మన డిపార్ట్‌మెంటే అన్నమాట. మరి శత్రువుని ఎలా గుర్తుపడతాయి?"

"అదే తమాషా సార్. వాటికి శత్రువు ఫోటో ఎవరూ ఇవ్వరు. కనిపించిన ప్రతి కణాన్నీ తడిమి చూస్తాయి. మన ఇంటి గుర్తు ఒకటుంటుంది, హెచ్‌ఎల్‌ఏ అంటారు. అది చేతికి తగిలిందా, సరే పో అని వదిలేస్తాయి. తగల్లేదా, పైగా ఆ కణం వాలకం తేడాగా ఉందా, అక్కడికక్కడే చిల్లు పెట్టి చంపేస్తాయి. క్యాన్సర్ కణం ఒంట్లోని వేరే పోలీసు కణాల కళ్లు కప్పడానికి ఆ గుర్తుని పీకి దాచేస్తుంది. వాటికి దొరకదు. వీటికి దొరికిపోతుంది."

"మీ అక్క మంచి కణాల్ని ఏమీ చెయ్యవు కదా?"

"చెయ్యవు. అక్కకీ నాకూ ఇంటి గుర్తు ఒకటే. పరీక్ష చేసి మరీ చూశారు."

పెద్దాయన తృప్తిగా తలూపి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. సమాచారం ఇచ్చింది నెమలి. ఆ సెల్ లాబొరేటరీలో ఆమె క్వాలిటీ ఇన్‌ఛార్జి. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది, నిజానికి ఆరేళ్లుగా మన మనిషి. వార్డులో సెలైన్ సీసాల్లో ఒకదాంట్లో విషం కలుపుతారని ఆమె కబురు. అందుకని డిపార్ట్‌మెంట్లో ఉన్న పదిమందినీ సెలైన్ మీద కాపలా పెట్టారు. తాబేలు టెక్నీషియన్ వేషంలో ల్యాబుకెళ్లి, టెస్టు రిజల్టుకు సాక్షి సంతకం పెట్టి, కణాల సంచిని చెయ్యి మారకుండా వార్డుకు చేర్చాలి. అంతే పని.

"నెమలిని నమ్మొచ్చా సార్?"

"నాకంటే నీకెక్కువ తెలుసా?" అని పెద్దాయన ఒక పచ్చ బ్యాడ్జీ బల్ల మీద పెట్టాడు. "ఇది జాగ్రత్త. వార్డులో పులి ఉంటాడు. వాడికి నీ మొహం తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. పచ్చ బ్యాడ్జీ ఉంటే వదిలేస్తాడు. లేనివాడు లోపలి గుమ్మం దాటితే కాల్చేయమన్నాను."

ఆ తర్వాత ఒక పెట్టుడు మీసం, ఒక కళ్లజోడు ఇచ్చాడు. కళ్లజోడు అంచుల్లో సన్నటి అద్దాలున్నాయి, వెనక ఏముందో కనిపిస్తుంది.

"మాస్కు వేసుకుంటాను కదా సార్, మీసం ఎవరికి కనిపిస్తుంది?"

"వేషం వేషమే," అన్నాడు పెద్దాయన.

*

ల్యాబు ఆస్పత్రి వెనక కట్టడంలో రెండో అంతస్తు. మెట్లెక్కి పోయాడు తాబేలు. మాస్కు కింద మీసం ఒకటే దురద. గోక్కోవడానికి లేదు. వెనక ఎవరూ రావట్లేదని కళ్లజోడు అద్దాల్లో కనిపిస్తూనే ఉంది, అయినా రెండుసార్లు తిరిగి చూశాడు.

నెమలిని చూడగానే ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమైంది. తెల్ల కోటు అందరికీ ఉండేదే, ఆమె వేసుకుంటే కొలిచి కుట్టించినట్టుంది. మెడలో నీలిరంగు పట్టు స్కార్ఫ్. మాట్లాడడానికి మాస్కు కిందికి జరిపితే పెదాలకు ఎర్రటి లిప్‌స్టిక్. మాస్కు కింద మీసం పెట్టుకున్నవాడు మాస్కు కింద లిప్‌స్టిక్ వేసుకున్న మనిషిని ఏమనగలడు?

"కొత్త సెంట్రిఫ్యూజ్ వచ్చిందా?" అని అడిగింది ఆమె. అది కోడ్ మాట.

"వచ్చింది మేడమ్, మూత సరిగ్గా పట్టడం లేదు." అది జవాబు.

"రా. నాలుగ్గంటల టెస్టు ఇప్పుడే పూర్తయింది. నువ్వే చూసి సంతకం పెట్టు."

ల్యాబు అద్దంలా ఉంది. పిపెట్లన్నీ ఒకే వాలులో వేలాడుతున్నాయి, సీసాల లేబుళ్లన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. తాబేలుకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి బల్ల ముందు పదకొండేళ్లు బతికాడు, ఇక్కడ అతనికి చెయ్యి వణకదు.

టెస్టు అతనికి తెలిసినదే. ప్లేటులో మూడు గుంటలు. మొదటిదాంట్లో గుర్తు లేని క్యాన్సర్ కణాలు, వాటిమీద సంచిలోంచి తీసిన కిల్లర్ కణాలు. రెండోదాంట్లో అక్క ఆరోగ్యమైన కణాలు, వాటిమీద అవే కిల్లర్లు. మూడోదాంట్లో అక్క కణాలు మాత్రమే. అక్క కణాలు నెల కింద తీసి నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి ఉంచినవి, ఈ తెల్లవారుజామున కరిగించారు. చివర్లో నీలిరంగు చుక్క వేస్తారు. బతికున్న కణం రంగును లోపలికి రానివ్వదు. చచ్చినదానికి నీలం ఎక్కుతుంది.

తాబేలు మైక్రోస్కోపులోకి వంగాడు. మొదటి గుంటలో వందకు ఎనభై ఒకటి నీలం. రెండోదాంట్లో ఒక్కటీ లేదు. మూడోదాంట్లో కూడా ఒక్కటీ లేదు. కణాలన్నీ గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

చంపవలసినవాటిని చంపాయి, అక్కను వదిలేశాయి. అతని కళ్లు చెమర్చాయి. ఆ కిల్లర్లు తనవే. తన ఒంట్లో కూడా ఇంత ధైర్యమైన జాతి ఒకటుందని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు.

"ఎంత శుభ్రంగా ఉన్నాయి మేడమ్," అన్నాడు.

"మురికి ప్లేటు నేను చూడలేను," అంది నెమలి నవ్వుతూ. రిలీజ్ షీట్ మీద సంతకం పెట్టించుకుని, సంచిని నీలం పెట్టెలో పెట్టి మూత బిగించి ఇచ్చింది. "జాగ్రత్తగా తీసుకెళ్లు. విషం సెలైన్‌లో ఉంది, గుర్తుంచుకో."

పెట్టెను రెండు చేతులతో గుండెకు హత్తుకుని తాబేలు మెట్లు దిగి, వంతెన వరండా దాటి, వార్డు మెట్లు ఎక్కాడు. దారిలో ఎదురైన ప్రతి మనిషీ ముఠావాడే అనిపించాడు. ఒక ముసలాయన దగ్గితే గోడకు అంటుకుపోయాడు. పది యాభైఐదుకు పెట్టె వార్డు సిస్టర్ చేతికి అప్పగించేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

సిస్టర్ నంబరు సరిచూసుకుని సంతకం పెట్టింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ల్యాబు కోటు ఇక్కడ వేసుకోకూడదండీ. ఇటివ్వండి."

కోటు విప్పించుకుని ఉతుకుడు డబ్బాలో పడేసి, ఒక వార్డు గౌను చేతిలో పెట్టి, సంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తాబేలు గౌను తొడుక్కుని బెంచీ మీద కూలబడ్డాడు. పని అయిపోయింది. తన చేతులతో తెచ్చి ఇచ్చాడు. ఉదయం నుంచి మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి సగంలోనే ఆగిపోయింది.

మూడో గుంటలో సున్నా ఏమిటి?

పదకొండేళ్లలో అతను కొన్ని వేల సీసాలు కరిగించి ఉంటాడు. ఒక్కసారీ సున్నా చూడలేదు. గడ్డకట్టి కరిగిన కణాల్లో వందకు ఐదో ఆరో చచ్చి తీరతాయి. అందులోనూ మూడు నెలలు మందులు పడ్డ మనిషివైతే పదీ పన్నెండూ పోతాయి. అవి అక్క కణాలైతే అంత నిగనిగలాడవు. ఎవరో ఆరోగ్యవంతుడి ఒంట్లోంచి ఆ ఉదయమే తీసి, చచ్చినవాటిని వడకట్టి పోసిన కణాలవి. రెండో గుంటలో ఉన్నవీ అవే.

అయితే సంచిలోని కిల్లర్లు వదిలేసింది అక్కను కాదు. వాటికి తెలిసిన ఇంటి గుర్తు ఇంకెవరిదో. అవి తనవి కావు. ఏ పరాయివాడివో తెచ్చి, మందు పోసి పదిహేను రోజులు రెచ్చగొట్టి ఉంచారు, ఇక వాలకం కూడా చూడవు. అవి అక్క ఒంట్లోకి దిగితే ప్రతి కణాన్నీ తడుముతాయి, తమకు తెలిసిన గుర్తు ఎక్కడా తగలదు. సెలైన్‌లో విషం లేదు. అసలు విషమే లేదు. పదిమంది ఏజెంట్లు సీసాలకు కాపలా కాస్తుంటే, చంపే సరుకును తాబేలు తన గుండెకు హత్తుకుని మరీ తెచ్చి ఇచ్చాడు.

గోడ గడియారంలో పదకొండు దాటి రెండు నిమిషాలైంది.

*

అతను పరుగెత్తాడు. వార్డుకు రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాక ఇరవై సెకన్లకు గాని రెండోది తెరుచుకోదు. ఆ ఇరవై సెకన్లూ అతనికి గుండె కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినిపించలేదు. తలుపు తెరుచుకోగానే లోపలి నడవాలోకి దూకాడు. ఎదురుగా అద్దం గోడ. అద్దానికి అవతల మంచం మీద అక్క. నున్నటి తల, ఎముకలు తేలిన బుగ్గలు, కళ్లు మాత్రం ఎప్పటివే. స్టాండుకు సంచి వేలాడుతోంది. సిస్టర్ ఇటు వీపు పెట్టి కాగితం మీద ఏదో రాసుకుంటోంది.

"ఆగు," అని వెనక నుంచి గొంతు. "బ్యాడ్జీ."

తాబేలు చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. అక్కడ గౌను తప్ప ఏమీ లేదు. పచ్చ బ్యాడ్జీ కోటుతో పాటు ఉతుకుడు డబ్బాలో ఉంది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేను మనవాణ్ణే. ఆ సంచి..."

"ముఠావాడు కూడా అదే చెబుతాడు. చేతులు అద్దం మీద పెట్టు. కదిలావో, కాల్చేస్తాను."

కళ్లజోడు అంచు అద్దంలో పులి కనిపించాడు. మనిషి కంటే ముందు తుపాకి గొట్టం కనిపించింది. పెద్దాయన ఇచ్చిన ఆ కళ్లజోడు తెచ్చిపెట్టిన ఉపకారం ఇంతే, వెనక నుంచి వచ్చే చావును ముందుగా చూసుకోవచ్చు. మాట్లాడుకునే ఇంటర్‌కమ్ మీట చేతికి జానెడు దూరంలో ఉంది. అటు చెయ్యి జరిపితే అంతే సంగతులు. అద్దంలోంచి శబ్దం పోదు.

సంచిలోంచి దిగిన మబ్బు రంగు నీళ్లు ట్యూబులో పాకుతున్నాయి. ముందున్న తేట సెలైన్‌ను నెట్టుకుంటూ మొదటి మెలిక దాటాయి. ఇంకో మూర దూరంలో అక్క ఛాతీ.

అద్దం మీద పెట్టమన్నాడు చేతుల్ని. వేళ్లు కదపొద్దనలేదు. తాబేలు కుడి చూపుడువేలు లేచింది. పడింది. లేచింది, కాస్త ఆగి పడింది. డిపార్ట్‌మెంట్ వేళ్ల కోడ్. దాన్ని తయారు చేసిందే అక్క. వేలు ఎంత వణుకుతోందంటే, పొట్టి దెబ్బకూ పొడుగు దెబ్బకూ తేడా అతనికే తెలియడం లేదు. చూడవే అక్కా, ఒక్కసారి ఇటు చూడవే, అని లోపల్లోపల ఏడుస్తూనే కొడుతున్నాడు.

అక్క తల తిప్పింది.

గౌనులో, మాస్కులో, దొంగ కళ్లజోడులో ఉన్న మనిషిని చూసింది. భుజాల్లోకి దిగిపోయిన మెడను చూసింది. ఆమె నుదురు ముడిపడింది. తర్వాత చూపు వేలి మీదికి దిగింది. ఇరవై రెండేళ్లు ఎవరెవరి వంకర రాతలో చదివిన మనిషి. ఆ వణుకులోంచి రెండక్షరాలు ఏరుకుంది.

ఆ. పు.

ఎందుకని అడగలేదు. సిస్టర్‌ను పిలవలేదు. దుప్పటిలోంచి చెయ్యి తీసి, ట్యూబుకున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో కిందికి నెట్టేసింది. మబ్బు రంగు ఆగింది. దానికీ ఆమె ఒంటికీ మధ్య రెండంగుళాల తేట నీళ్లు మిగిలాయి.

తర్వాత ఆమే మంచం పక్క మీట నొక్కింది. నడవాలో స్పీకర్ గరగరలాడింది.

"తుపాకి దించు బాబూ," అంది అక్క, నీరసంగా. "వాడు నా తమ్ముడు. బ్యాడ్జీ ఎక్కడో పారేసుకుని ఉంటాడు."

తాబేలు అద్దం మీదుగా జారి నేల మీద కూర్చున్నాడు.

*

నెమలి పారిపోలేదు. పెద్దాయన, పులి, తాబేలు ల్యాబులోకి వెళ్లేసరికి స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆమె ముందు వెచ్చటి పెట్టెలో మూడు సంచులున్నాయి. మూడింటికీ లేబుళ్లు ఊడబీకేసి ఉన్నాయి.

"ఆరేళ్లు," అన్నాడు పెద్దాయన. ఆయన మొహం పాలిపోయింది.

"వాళ్లకి తొమ్మిదేళ్లు," అంది నెమలి. తాబేలు వైపు చూసింది. "ఎక్కడ పట్టుకున్నావు?"

"మూడో గుంటలో ఒక్కటీ చావలేదు మేడమ్."

ఆమె కళ్లు ఒక్క క్షణం మూసుకుంది. "వడకట్టకుండా పొయ్యాల్సింది. చెయ్యి ఊరుకోలేదు. అలవాటు." ఆ మాట తనను తాను తిట్టుకున్నట్టే అంది. తర్వాత సర్దుకుంది. "సరే. ఈ మూడింటిలో ఒకటి అసలు డోనర్‌ది. నాలుగింటికి మూడూ పనికిరాకుండా పోతాయి. మళ్లీ పెంచాలంటే పదిహేను రోజులు. ఆమెకి అంత టైమ్ లేదని డాక్టర్ రాశాడు, నేను చదివాను. నన్ను గేటు దాటించండి, ఏదో చెబుతాను."

పెద్దాయన తాబేలును మూలకు తీసుకెళ్లాడు. "వదిలేద్దాం. మీ అక్క ముఖ్యం."

"ఆమె చెప్పింది నిజమని ఎలా తెలుస్తుంది సార్?"

"మరేం చేద్దాం?"

తాబేలుకు ఏం చెయ్యాలో తెలుసు. తెలియడం వల్లే భయం వేస్తోంది. "వాటినే అడుగుతాను," అన్నాడు.

సిస్టర్ అక్క చేతి నుంచి అప్పటికప్పుడు నాలుగు చుక్కల రక్తం తీసి పంపింది. ఆ సీసాను తాబేలు ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒక్కో సంచికి మూడేసి గుంటలు, మూడు సంచులకు తొమ్మిది. నాలుగ్గంటల టెస్టుకు టైమ్ లేదు, రెండు గంటల టెస్టు పెట్టాడు. పన్నెండున్నరకు ప్లేటు ఇన్‌క్యుబేటర్లోకి వెళ్లింది. ఆ రెండు గంటలూ అతను ఆ తలుపు ముందు నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్లిస్తే తాగలేదు. తను తప్పు చెబితే అక్క పోతుంది. ఇవాళ ఒకసారి తప్పుకు సంతకం పెట్టాడు కూడా.

"నీ చెయ్యి వణుకుతోంది. లెక్క తప్పుతావు," అంది నెమలి, పులి పక్కన కూర్చుని.

అబద్ధం కాదు. అతను మోచేతులు బల్లకు ఆనించి మైక్రోస్కోపులోకి వంగాడు.

మొదటి సంచి. అక్క కణాల గుంటలో నీలం, ఎటు చూసినా నీలం. వందకు డెబ్బైఆరు. ఉదయం తను మోసుకెళ్లిన సంచికి తోబుట్టువు. కాసేపు కన్ను తీయలేకపోయాడు. ట్యూబులో ఆ రెండంగుళాలు దాటి ఉంటే ఈపాటికి జరుగుతూ ఉండేది ఇదే.

రెండో సంచి. అక్క కణాల గుంటలో ఏడు నీలం. కిల్లర్లు లేని గుంటలోనూ ఏడే.

"ఇదే," అన్నాడు పెద్దాయన, భుజం మీదుగా తొంగిచూసి. "వదిలేశాయిగా."

"ఆగండి సార్." క్యాన్సర్ కణాల గుంట చూశాడు. అందులోనూ ఐదే నీలం. "ఇవి ఎవర్నీ చంపవు. ఇంటి గుర్తు తడమడం ఎప్పుడూ నేర్చుకోని కణాలు. మనవాళ్లెవరో తెలీని కాపలాదారుకి పరాయివాడొచ్చినా చెయ్యి లేవదు. అక్కని వదిలేస్తాయి, అక్క జబ్బునీ వదిలేస్తాయి."

నెమలి తల పక్కకు తిప్పుకుంది. గేటు దగ్గర ఆమె ఏ సంచి అని చెప్పేదో తాబేలుకు అర్థమైంది.

మూడో సంచి. క్యాన్సర్ గుంటలో డెబ్బైతొమ్మిది. అక్క కణాలు మాత్రమే ఉన్న గుంటలో ఎనిమిది. అక్క కణాల మీద కిల్లర్లు పోసిన గుంటలో తొమ్మిది.

తొమ్మిది. ఆ ఒక్కటీ ఎక్కువెందుకు? దానంతట అది చచ్చిందా, కిల్లర్లు చంపాయా? మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది. మళ్లీ. తొమ్మిది. గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఇంకెవరైనా వచ్చి, ఇది నా బాధ్యత, నువ్వు పక్కకి తప్పుకో అంటే బాగుండునని మనసారా కోరుకున్నాడు. ఎవరూ రాలేదు. రంగు ఎక్కని కణాలు తొంభైఒకటి, ప్రాణంతో, కిల్లర్ల మధ్యే కూర్చుని ఉన్నాయి. కొన్ని కిల్లర్లు వాటికి ఆనుకునే ఉన్నాయి. తడిమి చూసి ఊరుకున్నాయి.

"ఇది నాది," అన్నాడు. రిలీజ్ షీట్ మీద అతని సంతకం కోడి గీకినట్టు పడింది.

మూడు యాభైకి ఆ సంచి స్టాండుకు ఎక్కింది. ఈసారి తాబేలు ఛాతీ మీద ఒక పచ్చ బ్యాడ్జీ, వీపు మీద ఒకటి. రెండూ పులే గుచ్చాడు, మొహం చూడకుండా. మబ్బు రంగు నీళ్లు మెలికలు దాటి, రెండంగుళాలు కూడా దాటి, అక్క ఒంట్లోకి దిగాయి. తాబేలు అద్దానికి నుదురు ఆనించి, ఆమె ఛాతీ లేవడం, దిగడం లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆ రాత్రి లెక్క ఆపలేదు. మర్నాడు అక్కకి జ్వరం వస్తే అతని పని అయిపోయింది. మూడో రోజు జ్వరం తగ్గింది.

పదకొండో రోజు సిస్టర్ రిపోర్టు తెచ్చి అద్దానికి ఆనించి పట్టుకుంది. దొంగ కణాలు వెతికితే గాని దొరకనంత తగ్గాయి. మంచి కణాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ముఠా కొత్త కోడ్ కాగితాలు అప్పటికే అక్క దుప్పటి మీద పరుచుకుని ఉన్నాయి.

అక్క మీట నొక్కింది. ఆ కాగితాలు పక్కకి నెట్టింది.

"ఒరేయ్," అంది. "నీ కణాలు ఎక్కినప్పట్నుంచీ నాకు భయంగా ఉంటోందిరా. సిస్టర్ సూది తెస్తే భయం. కళ్లు మూసుకోవాలంటే భయం."

"భయం కణాలతో రాదక్కా."

"మరి అంతకుముందు నాకెప్పుడూ లేదు కదా," అంది ఆమె.

తాబేలు అద్దంలోంచి ఆమెను చూశాడు. ఇరవై రెండేళ్లుగా అక్క తన భయం మీద వేసి ఉంచిన కోడ్ ఒకటి ఇప్పుడే అతనికి విడిపోయింది. మీట మీద వేలు పెట్టాడు.

"అయితే నాదే అయ్యుంటుంది. ఉంచుకో అక్కా, నా దగ్గర ఇంకా చాలా ఉంది."